గ్యాస్ పంపిణీ సంస్థకు బెంచ్‌మార్కింగ్ కన్సల్టెంట్‌ను ఎంచుకోవడం: పేరు చూడాలా, డేటా చూడాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. మీరు సహజవాయువు పంపిణీ చేసే సంస్థలో ప్లానింగ్ విభాగంలో ఉన్నారు. "మన ఖర్చులు, మన సర్వీసు వేరే కంపెనీలతో పోలిస్తే ఎక్కడున్నాయో చూడాలి, ఎవరైనా కన్సల్టెంట్‌ను పెట్టండి" అని పైనుంచి మాట వచ్చింది. ముగ్గురు వచ్చి ప్రజెంటేషన్లు ఇచ్చి వెళ్లారు, ముగ్గురూ అచ్చు ఒకేలా మాట్లాడారు. ఇప్పుడు పెద్ద పేరున్న సంస్థను తీసుకోవాలా, చిన్న సంస్థనా, టెండర్ కాగితంలో ఏం రాయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. పేరు చూసి తీసుకోవద్దు. రెండే విషయాలు చూడండి. మీతో పోల్చదగ్గ కంపెనీల డేటా వాళ్ల దగ్గర నిజంగా ఉందా? ఆ డేటాను మీ లెక్కలకు సరిపడేలా సవరించగల మనిషి మీ పని మీద స్వయంగా కూర్చుంటాడా? ఈ రెండూ ఉంటే ఇద్దరు మనుషుల సంస్థ అయినా కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు. ఈ రెండూ లేకపోతే ఎంత పెద్ద సంస్థ అయినా చివరికి మీ చేతికొచ్చేది రంగురంగుల స్లైడ్లే.

నేను పద్దెనిమిదేళ్లు ఈ రంగంలో ఉన్నాను. మొదట ఆపరేషన్స్‌లో, తర్వాత టారిఫ్ పిటిషన్లు, అంటే గ్యాస్ రేట్ల ఆమోదం కోసం వేసే దరఖాస్తులు, తయారుచేసే విభాగంలో. ఇలాంటి అధ్యయనాల కోసం ఆరుసార్లు కన్సల్టెంట్లను తీసుకున్నాం. అందులో రెండుసార్లు డబ్బు బూడిదలో పోసినట్టే అయింది, ఒకసారి మాత్రం పెట్టినదానికి ఎన్నో రెట్లు లాభం వచ్చింది. కింద రాసేదంతా ఆ అనుభవాల్లోంచే.

ముందు ఎందుకో తేల్చుకోండి

"మనం ఎక్కడున్నామో తెలుసుకుందాం" అన్నది కారణం కాదండీ, కుతూహలం. రిపోర్టు వచ్చాక ఏ నిర్ణయం మారబోతోందో ఒక్క వాక్యంలో రాయమని మీ పైవాళ్లను అడగండి. అడిగినప్పుడు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, ముఖం చిట్లిస్తారు కూడా. కానీ ఆ వాక్యం లేకుండా టెండర్ రాస్తే కన్సల్టెంట్ తనకు తెలిసిందే మీకు అమ్ముతాడు. నేను చూసినంతలో అసలు అవసరాలు మూడు రకాలు, మూడింటికీ కావాల్సిన మనుషులు వేరు.

మొదటిది టారిఫ్. అంటే రేట్లు ఆమోదించే రెగ్యులేటర్ ముందు నిలబడి "మా ఖర్చు సమంజసమైనదే" అని చెప్పుకోవాలి. అక్కడ ఎదుటి పక్షం తరఫున లాయరూ, వాళ్ల సొంత నిపుణుడూ కూర్చుని ప్రతి అంకెనూ తవ్వుతారు. కాబట్టి గణాంకశాస్త్రం బాగా తెలిసి, తన పద్ధతిని ప్రశ్నల వర్షంలో కూడా సమర్థించుకోగల మనిషి కావాలి. ఈ పనికి ఎక్కువగా వాడేవి రెండు పద్ధతులు. 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ ప్రతిపాదించిన డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్ ఒకటి. దానికి ఏడాది ముందు, 1977లో, రెండు వేర్వేరు బృందాలు దాదాపు ఒకేసారి ప్రకటించిన స్టోకాస్టిక్ ఫ్రాంటియర్ అనాలిసిస్ రెండోది. మొదటిది ఉన్నవాళ్లలో మెరుగైనవాళ్లను కలుపుతూ ఒక గీత గీసి, ఆ గీతకు మీరెంత దూరంలో ఉన్నారో చెప్తుంది. రెండోది ఆ దూరంలో కొంత దురదృష్టం, కొలతల్లో పొరపాటు కూడా ఉండొచ్చని ఒప్పుకుని, దాన్ని విడదీయడానికి చూస్తుంది.

ఇక్కడ చిన్న చిట్కా. ఎనిమిది కంపెనీల ఒక్క ఏడాది డేటా పెట్టుకుని, ఐదారు కొలమానాలతో డేటా ఎన్వలప్‌మెంట్ చేస్తానని ఎవరైనా అంటే మర్యాదగా టీ ఇచ్చి పంపించేయండి. కంపెనీలు తక్కువ, కొలమానాలు ఎక్కువ అయితే ఆ పద్ధతిలో దాదాపు అందరూ నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటారు. మీ కంపెనీ కూడా తెచ్చుకుంటుంది, పైవాళ్లు సంతోషిస్తారు, రెగ్యులేటర్ మొదటి విచారణలోనే పక్కన పెట్టేస్తాడు.

రెగ్యులేటర్లు తాము ఏం చేస్తారో చూస్తే ఈ పద్ధతుల మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలో తెలుస్తుంది. జర్మనీలో 2009 నుంచి నడుస్తున్న ప్రోత్సాహక నియంత్రణలో (ఖర్చు తగ్గించుకున్న కంపెనీకి లాభం మిగిలే పద్ధతి) రెండు పద్ధతులతో, రెండు రకాల ఖర్చు లెక్కలతో, మొత్తం నాలుగు ఫలితాలు తీసి కంపెనీకి ఏది మేలైతే దాన్నే తీసుకునేలా నిబంధన పెట్టారు. సామర్థ్యం మార్కు ఎంత తక్కువ వచ్చినా 60 శాతం కిందికి దిగకుండా కూడా ఏర్పాటు చేశారు. బ్రిటన్‌లో ఇంధన రెగ్యులేటర్ ఆఫ్‌జెమ్, 2013లో మొదలైన రియో-జీడీ1 అనే గ్యాస్ పంపిణీ ధరల నియంత్రణ కాలానికి ఎనిమిది గ్యాస్ నెట్‌వర్కులను పోల్చినప్పుడు అందరికంటే మెరుగైన ఒక్క కంపెనీని కాకుండా పై పావు భాగం గీతను (మెరుగైన పావు వంతు కంపెనీలు మొదలయ్యే చోటును) ప్రమాణంగా పెట్టింది. అంటే నియంత్రించేవాళ్లే "ఈ అంకెలో పొరపాటు ఉండొచ్చు" అని జాగ్రత్తపడ్డారు. మీ కన్సల్టెంట్ మాత్రం "మీరు 17.3 శాతం అదనంగా ఖర్చు పెడుతున్నారు" అని దశాంశ స్థానంతో సహా చెప్తే, ఆ దశాంశం ఎక్కడినుంచి వచ్చిందో అడగండి.

రెండో అవసరం లోపలి మెరుగుదల. లీకు సర్వే ఖర్చు ఎందుకెక్కువ, మీటర్ మార్చడానికి ఒక్కొక్కరు రోజుకు ఎన్ని ఇళ్లు తిరుగుతున్నారు, కాల్ సెంటర్‌లో ఎందుకింత మంది, ఇలాంటివి. దీనికి గణాంకాల పండితుడు అక్కర్లేదు. గుంటలో దిగి పైపు చూసినవాడు కావాలి. పోలికలో తేడా కనిపించాక "వాళ్లు ఏం చేసి తగ్గించారు" అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది అతనే.

మూడోది రీసెర్చ్. మీ ఉత్తరువులో "రీసెర్చ్ అండ్ బెంచ్‌మార్కింగ్" అని కలిపి రాశారన్నారు కదా, ఆ రెంటినీ విడదీయండి. వినియోగదారుల సర్వే, రాబోయే ఇరవై ఏళ్ల డిమాండు అంచనా, పైపుల్లో హైడ్రోజన్ కలిపితే ఏమవుతుంది, బయోమీథేన్ ఎంత దొరుకుతుంది లాంటివన్నీ వేరే చదువు. ఒకే టెండర్‌లో రెండూ పెడితే ఒకదాంట్లో గట్టివాడు రెండోదాన్ని ఎవరికో సబ్‌కాంట్రాక్టు ఇస్తాడు, ఆ మనిషిని మీరు చివరిదాకా చూడరు. ఒకే టెండర్ తప్పనిసరైతే రెండు భాగాలుగా పెట్టి, విడివిడిగా బిడ్ వేసే వీలు ఇవ్వండి.

అసలు పని అంతా నిర్వచనాల్లో ఉంది

కొత్తగా వచ్చినవాళ్లు పోలిక అంటే అంకెలు పక్కపక్కన పెట్టడం అనుకుంటారు. మీరు డబ్బిచ్చేది ఆ అంకెలకు కాదు, అవి పక్కపక్కన పెట్టదగ్గవేనా అని తేల్చినందుకు.

మాకు జరిగింది చెప్తాను. ఒక అధ్యయనంలో మేం పంపిణీ చేసిన ప్రతి ఘనపు మీటరుకు అయ్యే ఖర్చు, లెక్కకు రాని గ్యాస్ (లోపలికి వచ్చినదానికీ బిల్లు వేసినదానికీ తేడా), రెండూ పోల్చారు. మా ఖర్చు వేరేవాళ్లకంటే ఐదారు శాతం ఎక్కువని తేలింది. మీటింగులో అందరూ ఎక్కడ కోత పెట్టాలా అని చర్చ మొదలుపెట్టారు. మా మీటరింగ్ విభాగంలో ఒక సీనియర్ ఇంజినీరు వెనక వరుసలో కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కాలిక్యులేటర్ నొక్కి, "ఇది నార్మల్ క్యూబిక్ మీటరా, స్టాండర్డ్ క్యూబిక్ మీటరా?" అని అడిగాడు. కన్సల్టెంట్ కుర్రాడు స్లైడు వైపు చూశాడు, ల్యాప్‌టాప్ వైపు చూశాడు, జవాబు లేదు. ఒకే పీడనం దగ్గర 0 డిగ్రీల సెల్సియస్‌కు కొలిచిన ఘనపు మీటరులో ఉండే గ్యాస్, 15 డిగ్రీలకు కొలిచినదాంట్లోకంటే దాదాపు 5.5 శాతం ఎక్కువ. మా లెక్క నార్మల్‌లో, అంటే 0 డిగ్రీలకు ఉంది, పోల్చిన కంపెనీల్లో ఎక్కువమందిది స్టాండర్డ్‌లో, అంటే 15 డిగ్రీలకు ఉంది. అంటే మాది పెద్ద మీటరు, దానికి ఖర్చు ఎక్కువే పడుతుంది. అది సరిచేస్తే తేడా దాదాపు మాయమైపోయింది. మూడు నెలల పని, ఒక్క యూనిట్ దగ్గర కుప్పకూలింది.

శక్తి లెక్కలో పోల్చినా ఇదే గొడవ. గ్రాస్ కెలోరిఫిక్ వాల్యూ (మండినప్పుడు వచ్చే నీటి ఆవిరిలోని వేడినీ కలిపిన లెక్క) వాడారా, అది కలపని నెట్ వాడారా అన్నదాన్నిబట్టి సహజవాయువుకు పది పదకొండు శాతం దాకా తేడా వస్తుంది.

ఇలాంటి గుంటలు ఇంకా ఉన్నాయి, నాకు గుర్తున్నవి రాస్తాను.

పాత పైపులు మార్చడం పెట్టుబడా, ఖర్చా? ఒక కంపెనీ దీన్ని ఆస్తుల పద్దులో వేస్తుంది, ఇంకో కంపెనీ కొంత భాగాన్ని మరమ్మతు ఖర్చులో చూపిస్తుంది. బ్రిటన్‌లో అయితే దీనికి రెపెక్స్ (రీప్లేస్‌మెంట్ ఎక్స్‌పెండిచర్, పైపులు మార్చే ఖర్చు) అని ప్రత్యేకమైన పద్దే ఉంది, ఎందుకంటే భవనాలకు 30 మీటర్ల లోపు ఉన్న ఇనుప పైపులన్నిటినీ 30 ఏళ్లలో మార్చాలని 2002లో పెద్ద కార్యక్రమం పెట్టుకున్నారు. అలాంటి కంపెనీ ఖర్చును, మొదటినుంచీ పాలిథిలీన్ పైపులే వేసుకున్న కొత్త కంపెనీ ఖర్చుతో కిలోమీటరు లెక్కన పోల్చడం కాకిలెక్కే.

అత్యవసర స్పందన సమయం. గడియారం ఎప్పుడు మొదలవుతుంది? ఫోను ఎత్తినప్పుడా, సిబ్బందికి పని అప్పగించినప్పుడా? ఆగేది ఇంటి ముందు వాహనం ఆగినప్పుడా, లీకు అదుపులోకి వచ్చినప్పుడా? బ్రిటన్‌లో అదుపులో లేని లీకుకు గంటలోపు, అదుపులో ఉన్నదానికి రెండు గంటల్లోపు, 97 శాతం సందర్భాల్లో చేరుకోవాలన్నది ప్రమాణం. వేరేచోట్ల చాలా కంపెనీలు 30, 45, 60 నిమిషాల మెట్లుగా లెక్క పెట్టుకుంటాయి. ఈ రెండు రకాల అంకెలను ఒకే పట్టికలో పెట్టిన రిపోర్టు నా అల్మరాలో ఇప్పటికీ ఉంది.

లీకుల సంఖ్య ఇంకా ప్రమాదకరం. ఎక్కువ వెతికినవాడికి ఎక్కువ దొరుకుతాయి. వాహనం మీద పెట్టిన సున్నితమైన మీథేన్ సెన్సర్‌తో ఏటా మొత్తం ఊరు తిరిగే కంపెనీ, ఐదేళ్లకోసారి నడిచి చూసే కంపెనీకంటే చెడ్డదిగా కనిపిస్తుంది. నిజం అందుకు పూర్తిగా తలకిందులు కావచ్చు. కిలోమీటరుకు ఎన్ని లీకులు అని మాత్రమే అడిగే కన్సల్టెంట్‌కు ఈ పని తెలియదు. సర్వే ఎంత తరచుగా, ఏ పరికరంతో, ఏ గ్రేడు (ఎంత ప్రమాదకరమైన) లీకులు లెక్కలోకి తీసుకున్నారు అని అడిగేవాడికి తెలుసు.

వాతావరణం సవరణ గురించి ఒక్క ముక్క. చలి ఎంత ఉందో, ఇళ్లు వేడి చేసుకోవాల్సిన అవసరం ఎంతో కొలిచే హీటింగ్ డిగ్రీ డేలకు అమెరికాలో 65 డిగ్రీల ఫారెన్‌హీట్ ఆధారం, అంటే సుమారు 18.3 సెల్సియస్. బ్రిటన్‌లో 15.5 సెల్సియస్ వాడతారు. దేశాలు దాటి పోలిస్తే ఇది చూసుకోవాలి. కరెన్సీ మార్పిడి కూడా అంతే, మార్కెట్ మారకపు రేటు పెట్టి కూలి ఖర్చులు పోలిస్తే నవ్వులపాలవుతారు.

ఇక కరెంటు, గ్యాస్ రెండూ అమ్మే కంపెనీలు. ఒకే మనిషి ఒకే ఇంటికెళ్లి రెండు మీటర్లూ చదువుతాడు, ఒకే బిల్లు వెళ్తుంది, ఒకే కాల్ సెంటర్. గ్యాస్ వాటాకు పడే ఖర్చు సగమే. మీరు గ్యాస్ ఒక్కటే అమ్మే కంపెనీ అయితే వాళ్లను వినియోగదారుల సేవల పోలికలోంచి తీసేయాలి, లేదా ఉమ్మడి ఖర్చులు ఎలా పంచారో చూసి సవరించాలి. ఒకసారి మాకిచ్చిన పీర్ గ్రూపులో, అంటే పోల్చడానికి ఎంచిన కంపెనీల జాబితాలో, ఇరవై పైచిలుకు పేర్లున్నాయి, చూడ్డానికి ఘనంగా ఉంది. తీరా చూస్తే మాలాగా గ్యాస్ మాత్రమే అమ్మేవి ఏడే.

డేటా ఉందా అంటే ఏమిటి

ప్రజెంటేషన్‌లో అందరూ "మా ప్రొప్రైటరీ డేటాబేస్" అంటారు. దాని అర్థం మూడింటిలో ఒకటి అయ్యుంటుంది: కంపెనీలు ఒప్పందం మీద ఏటా ఇచ్చే డేటా, బహిరంగంగా దొరికే ఫైలింగుల్లోంచి ఏరినది, గతంలో చేసిన ప్రాజెక్టుల్లో మిగిలిపోయినది. మొదటిది బంగారం. రెండోదీ మంచిదే, కానీ దానికి మీరు ప్రత్యేకంగా డబ్బు ఇవ్వక్కర్లేదు. మూడోదాని జోలికి పోవద్దు, పాతబడి ఉంటుంది, పైగా రేపు మీ డేటా కూడా అలాగే ఇంకొకరి ప్రాజెక్టులో తేలుతుంది.

బహిరంగ డేటా ఎంత దొరుకుతుందో చాలామందికి తెలియదు. అమెరికాలో పైప్‌లైన్ల భద్రత చూసే పీహెచ్‌ఎంఎస్‌ఏకి ప్రతి పంపిణీ సంస్థా ఏటా మార్చి 15 లోపు రిపోర్టు ఇవ్వాలి. ఏ పదార్థంతో చేసిన పైపు ఎన్ని మైళ్లు, ఏ దశాబ్దంలో వేశారు, ఎన్ని సర్వీసు కనెక్షన్లు, ఏ కారణంగా ఎన్ని లీకులు, తవ్వకాల వల్ల ఎన్ని దెబ్బతిన్నాయి, అన్నీ అందులో ఉంటాయి, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అయితే అందులో ఒక మెలిక ఉంది. మిగతా అంకెలు క్యాలెండర్ ఏడాదివి, లెక్కకు రాని గ్యాస్ శాతం మాత్రం జూన్ 30తో ముగిసే పన్నెండు నెలలది. నేను ఇంటర్వ్యూలో ఇది ఊరికే అడుగుతాను. నిజంగా ఆ ఫైళ్లు తెరిచి పనిచేసినవాడు వెంటనే నవ్వి చెప్తాడు.

అలాగే అమెరికా కంపెనీల ఖర్చులకు "ఫెర్క్ ఫారమ్ 2 వాడతాం" (ఫెర్క్ అంటే అక్కడి కేంద్ర ఇంధన రెగ్యులేటర్) అని ఎవరైనా అంటే కాస్త ఆగండి. అది ప్రధానంగా రాష్ట్రాలు దాటే పెద్ద పైప్‌లైన్ కంపెనీలది. ఇళ్లకు గ్యాస్ ఇచ్చే స్థానిక కంపెనీల ఖర్చుల వివరాలు ఎక్కువగా ఆయా రాష్ట్ర కమిషన్ల దగ్గర ఉంటాయి.

కన్సల్టెంట్‌ను పెట్టుకునేముందు మీ కంపెనీకి ఏ సంఘాల్లో సభ్యత్వం ఉందో కూడా చూడండి. ఉదాహరణకు అమెరికన్ గ్యాస్ అసోసియేషన్ తన సభ్యుల కోసం బెంచ్‌మార్కింగ్ కార్యక్రమం నడుపుతుంది. అలాంటిది మీకు అందుబాటులో ఉంటే ఆపరేషన్స్ పోలికలో సగం అక్కడే తీరిపోవచ్చు. మేం ఒకసారి టెండర్ దాదాపు పూర్తయ్యాక తెలుసుకున్నాం, అదే డేటా మేం సభ్యత్వ రుసుము కట్టే సంఘం దగ్గర ఉందని.

ఇంటర్వ్యూ ఎలా చేయాలి

ప్రజెంటేషన్ ఇచ్చేది పార్ట్‌నర్, పని చేసేది నిన్నమొన్న చేరిన పిల్లలు. ఇది అందరికీ తెలిసిన సంగతే, అయినా అందరం పడిపోతాం. మా మొదటి వృథా ఇదే. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న పెద్దమనిషి వచ్చి అరచేతిలో వైకుంఠం చూపించాడు, సంతకాలయ్యాక మళ్లీ కనిపించింది చివరి మీటింగులోనే. మధ్యలో ఉన్న ఇద్దరికీ సర్వీసు లైనుకూ (ఇంటికి వెళ్లే పైపు) మెయిన్‌కూ (వీధిలోని ప్రధాన పైపు) తేడా మేమే నేర్పాం. వాళ్ల తప్పేం లేదు పాపం, చాలా కష్టపడ్డారు.

అందుకే ఇప్పుడు నేను పని చేయబోయే మనిషినే రమ్మంటాను, పార్ట్‌నర్ ఉంటే ఉండొచ్చు, మాట్లాడకూడదు. షార్ట్‌లిస్టులో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒక చిన్న పరీక్ష కూడా పెడతాను. రెండు పేజీల డేటా, ఐదు కల్పిత కంపెనీలు. అందులో కావాలనే మూడు నాలుగు లోపాలు పెడతాం: ఒక కంపెనీ మెయిన్ల పొడవులో సర్వీసు లైన్లు కలిసిపోయి ఉంటాయి, ఇంకో కంపెనీ వినియోగదారుల బదులు మీటర్లను లెక్కిస్తుంది, ఒకదాంట్లో ఆర్థిక సంవత్సరం వేరు. రెండ్రోజులు టైమిచ్చి, ఆ పనికి చిన్న రుసుము కూడా చెల్లిస్తాం. ఊరికే చేయించుకోవడం నాకు నచ్చదు, మంచివాళ్లు చేయరు కూడా.

పోయినసారి ఈ పరీక్షలో పేరున్న సంస్థ పన్నెండు పేజీల అందమైన రిపోర్టు పంపింది, ఒక్క లోపమూ పట్టలేదు. ఇద్దరు మనుషుల సంస్థ మాత్రం ఒకటిన్నర పేజీ ఈమెయిల్ పంపింది. అందులో విశ్లేషణ ఏమీ లేదు, తొమ్మిది ప్రశ్నలున్నాయి. మేం పెట్టిన లోపాలన్నీ పట్టుకోవడమే కాకుండా మాకు తెలియకుండా పడిన ఒక లోపం కూడా చూపించారు. పని వాళ్లకే ఇచ్చాం. మొదట్లో చెప్పానే, ఎన్నో రెట్లు లాభం వచ్చిందని, అది ఇదే.

రెఫరెన్సులు అడిగినప్పుడు "బాగా చేశారా" అని అడగొద్దు, అందరూ బాగా చేశారనే అంటారు. "రెండేళ్ల క్రితం ఆ రిపోర్టు ఇచ్చారు కదా, అందులో ఇప్పటికీ వాడుతున్నది ఏముంది?" అని అడగండి. అవతలివైపు వచ్చే నిశ్శబ్దమే జవాబు.

టెండర్, ఒప్పందం

కేవలం తక్కువ ధర చూసి ఇవ్వొద్దు. సాంకేతిక మార్కులకు 70 నుంచి 80 శాతం బరువు పెట్టుకోండి, మిగతాది ధరకు. మీ కొనుగోళ్ల విభాగం ఒప్పుకోకపోతే, కనీసం సాంకేతిక మార్కుల్లో ఒక గీత పెట్టి దాని కింద ఉన్నవాళ్ల ధర కవరు తెరవకుండా చూడండి.

ఒప్పందంలో నేను వదలని షరతులు ఇవి. పని చేసేవాళ్ల పేర్లు రాయాలి, మార్చాలంటే మన అనుమతి ఉండాలి. మోడల్ మొత్తం సూత్రాలతో సహా స్ప్రెడ్‌షీటుగా ఇవ్వాలి, పీడీఎఫ్‌గా కాదు, లేకపోతే వచ్చే ఏడాది ఒక్క అంకె మార్చాలన్నా మళ్లీ వాళ్లకే డబ్బు కట్టాలి. పీర్ గ్రూపులోంచి ఏ ఒక్క కంపెనీని తీసేసినా ఫలితం ఎంత మారుతుందో చూపించాలి. టారిఫ్ కోసం అయితే విచారణకు వచ్చి సాక్ష్యం చెప్పే బాధ్యత, దానికి రోజుకింత అన్న రేటు ముందే రాసుకోవాలి. మన డేటాను పేరు తీసేసి కూడా ఎవరికి, ఎంతకాలం చూపించొచ్చో స్పష్టంగా ఉండాలి.

కంపెనీల మధ్య ఖర్చుల వివరాలు మార్చుకునేటప్పుడు పోటీ చట్టాల సమస్య వస్తుంది, ముఖ్యంగా జీతాలు, కాంట్రాక్టర్ల రేట్ల విషయంలో. అందుకే డేటా నేరుగా ఒకరికొకరు పంపుకోకుండా మూడో వ్యక్తి దగ్గర కలవాలి, బయటికొచ్చేది కలగలిపిన అంకెలే కావాలి. దీన్ని మీ లాయరుకు ముందే చూపించండి.

చెల్లింపు "ఆదా అయినదాంట్లో వాటా" పద్ధతిలో పెట్టమని అడిగేవాళ్లుంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, నేను మాత్రం ఒప్పుకోను. ఆదా ఎక్కువ చూపిస్తే తనకు ఎక్కువ వస్తుంది కాబట్టి అంతరాన్ని కొండంత చేసి చూపిస్తాడు, పైగా లీకు సర్వేలు, తుప్పు నివారణ లాంటి భద్రత ఖర్చులే మొదట కోతకు గురవుతాయి, ఎందుకంటే వాటిని తగ్గిస్తే ఫలితం ఆ ఏడాది కనిపించదు. గ్యాస్ వ్యాపారంలో తక్కువ ఖర్చు ఎప్పుడూ మంచి మార్కు కాదండీ. కొన్ని పద్దుల్లో మీరు సగటుకంటే ఎక్కువ పెడుతున్నారని తేలితే సిగ్గుపడక్కర్లేదు, ఎందుకు పెడుతున్నారో రాసుకోండి చాలు.

ప్రయోజనాల వైరుధ్యం కూడా చూసుకోవాలి. అదే సంస్థ మీ రెగ్యులేటర్‌కు పనిచేస్తోందా, మీకు రేపు సాఫ్ట్‌వేర్ అమ్మబోతోందా? రెండోది మరీ సాధారణం. పోలికలో మీరు వెనకబడ్డ ప్రతి చోటా మందు వాళ్ల దగ్గరే ఉంటుంది.

మీ వైపు పని

ఇది ఎవరూ చెప్పరు, కన్సల్టెంట్ అసలే చెప్పడు. ఆలస్యాలన్నీ మనవైపే జరుగుతాయి. డేటా అడిగిన రోజునుంచి ఆపరేషన్స్, అకౌంట్స్, మీటరింగ్ మూడు విభాగాలూ మూడు రకాల అంకెలు ఇస్తాయి. వినియోగదారుల సంఖ్యే మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటుంది, పందెం కాస్తాను. టెండర్ పిలవకముందే ఒక మనిషిని ఫుల్‌టైమ్ దీనికి కేటాయించి, గత మూడేళ్ల లెక్కలు ఒకచోట పెట్టించండి: పదార్థం, వయసువారీగా పైపుల పొడవు, కనెక్షన్లు, పద్దులవారీగా ఖర్చు, ఏది పెట్టుబడి ఏది ఖర్చు అన్న మీ అకౌంటింగ్ విధానం, ఉమ్మడి ఖర్చుల పంపకం. ఇదంతా సిద్ధంగా ఉంటే మొత్తం పని నాలుగైదు నెలల్లో అవుతుంది. లేకపోతే ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.

తుది రిపోర్టు బోర్డుకు వెళ్లేముందు ముసాయిదాను క్షేత్రస్థాయి సూపర్‌వైజర్లకు చూపించే వారం ఒకటి షెడ్యూలులో పెట్టండి. మా క్యూబిక్ మీటర్ల సంగతి బయటపెట్టింది అలాంటి మనిషే, అదీ ఆ రోజు అనుకోకుండా మీటింగుకు వచ్చి.

పెద్దా చిన్నా అన్నదానికి మళ్లీ వస్తే, పెద్ద సంస్థకు ఒక నిజమైన ఉపయోగం ఉంది. మీ బోర్డు పేరును మాత్రమే నమ్మే రకం అయితే, ఎంత మంచి పని చేసినా చిన్న సంస్థ రిపోర్టును పక్కన పెట్టేస్తారు. అలాంటప్పుడు పెద్ద సంస్థకే ఇచ్చి, పని చేసేవాళ్లను మీరు ఎంచుకోండి, లేదా విశ్లేషణ చిన్నవాళ్లతో చేయించి పెద్దవాళ్లతో సమీక్ష రాయించండి. రెండోది మేం ఒకసారి చేశాం, ఖర్చు కూడా తగ్గింది.

ప్రస్తుతానికి, మీ దగ్గరికి వచ్చిన ఆ ముగ్గురికీ రేపు ఒకే ఈమెయిల్ పంపండి: "పని మొదలైన మొదటి వారంలో మా దగ్గర్నుంచి మీకు ఏ డేటా, ఏ నిర్వచనాలతో కావాలి? ఒక పేజీలో రాయండి." ఎవరి పేజీ చదివి మీ మీటరింగ్, అకౌంట్స్ వాళ్లు "ఇతనికి పని తెలుసు" అంటారో చూడండి. వచ్చిన జవాబులు పేర్లు తీసేసి ఇక్కడ పెడితే నేనూ చూసి చెప్తాను.